మల్బరీ పక్కన బఠాణీ మడి: విత్తే రోజు, కోసే రోజు, కొట్టకూడని మందు



ఎప్పుడూ చాకీ, జ్వరాలు, చంద్రికలు అంటూ రాసుకుంటాం. ఈసారి పెరట్లో పచ్చి బఠాణీ గురించి రాస్తున్నాం. పట్టు రైతుకి బఠాణీతో ఏం పని అనుకోకండి. మల్బరీ పక్కన ఏ కూరగాయ వేసినా, దాని మీద కొట్టిన మందు మన పురుగు నోటి దాకా వస్తుంది. ఈ సంగతి మేం సగం పంట పోగొట్టుకుని తెలుసుకున్నాం. అది కూడా దాచకుండా రాస్తాం.

మాది పొలసర. బరంపురానికి ఉత్తరాన, గంజాం జిల్లాలోనే. 1936లో ఒడిశా వేరుపడేదాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే మా ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా. మనం బఠాణీ అంటాం, ఇక్కడ మటర అంటారు. ఎండు బఠాణీతో చేసే ఘుగుని ఏడాది పొడుగునా టిఫిన్ బండి మీద దొరుకుతుంది. పచ్చి బఠాణీ మాత్రం చలికాలపు సరుకు. దేశంలో ఎక్కువగా పండేది ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ వైపు. అక్కడి నుంచి లారీలో వచ్చి, సంతలో రెండు రోజులు గోనె మీద పడి ఉన్న కాయకీ, పొద్దున్న కోసి మధ్యాహ్నం వండిన కాయకీ పోలికే లేదు. ఎందుకో కింద చెప్తాం.

*ముందు చలి లెక్క*

పట్టుపురుగుకి 24 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి. బఠాణీకి 10 నుంచి 20 డిగ్రీల చలి కావాలి. అంటే షెడ్డులో రాత్రిపూట వేడి పెట్టాల్సి వచ్చే రోజులే బఠాణీకి మంచి రోజులు. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు, సీజన్ ఎప్పుడో ఎవర్నీ అడగక్కర్లేదు.

మన గంజాంలో ఆ చలి రెండు నెలలే. డిసెంబరు, జనవరి. ఎండ 30 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, కాయ నిండదు. ఫిబ్రవరి సగం దాటాక మన దగ్గర అదే జరుగుతుంది.

మరి ముందే, అక్టోబరులో వేస్తే? అది కూడా చిక్కే. భూమి ఇంకా వేడిగా ఉంటుంది, మొక్క మొదట్లోనే ఎండు తెగులుతో పడిపోతుంది. దానికి తోడు తుపాన్లు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది, దాని వాన మన జిల్లానీ ముంచింది. బఠాణీ గింజ ఒక్క రోజు నీళ్లలో నానినా కుళ్లిపోతుంది.

అందుకే మేం కార్తీక పున్నమిని గుర్తు పెట్టుకున్నాం. ఇక్కడ ఆ పొద్దున్న చెరువులో, ఏట్లో చిన్న పడవలు వదుల్తారు. ఆ పండగ నవంబరు మొదట్లో వచ్చిన ఏడు ఒక వారం ఆగి వేస్తాం. నెల సగంలో వస్తే వెంటనే వేస్తాం. నవంబరు రెండో వారం నుంచి నెలాఖరు లోపు గింజ భూమిలో పడాలి. నవంబరు 15న వేసిన మడిలో డిసెంబరు 20–25 మధ్య పూత కనిపిస్తుంది. మొదటి కోత సరిగ్గా సంక్రాంతికి వస్తుంది. జనవరి నెలాఖరుకి మడి ఖాళీ.

*ఏ గింజ తేవాలి*

పెరడుకి పొట్టి రకమే మంచిది. పందిరి అక్కర్లేదు, తొందరగా అయిపోతుంది. మేం వేసేది ఆర్కెల్. మోకాలెత్తు పెరుగుతుంది, 55–60 రోజులకి మొదటి కాయ ఇస్తుంది. వారణాసి కూరగాయల పరిశోధన సంస్థ వాళ్ల కాశీ నందిని, కాశీ ఉదయ్ కూడా ఇలాంటి తొందర రకాలే.

ఘుగునికి కిరాణా కొట్లో అమ్మే ఎండు బఠాణీ తెచ్చి వేయకండి. అది పప్పు బఠాణీ. అందులో చాలా వరకు కెనడా, రష్యా నుంచి ఓడలో దిగిన సరుకు. తీగ పొడుగ్గా పోతుంది, కాయ తీపి ఉండదు.

ఆర్కెల్ గింజ ముడతలు పడి ఉంటుంది. చూడగానే పుచ్చు గింజ ఇచ్చాడు అనుకుంటాం. అది పుచ్చు కాదు. ముడతల గింజలో పిండి తక్కువ, చక్కెర ఎక్కువ. ఎండేటప్పుడు నీరు ఎక్కువ పోయి గింజ ముడుచుకుంటుంది. ఈ ముడతకి కారణమైన జన్యువు ఏదో 1990లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు తేల్చారు. మనకి కావాల్సిందల్లా ఇంతే: తినడానికి ముడతల గింజ, పప్పుకి గుండ్రటి గింజ.

ఇంకో జాగ్రత్త. పాకెట్లో గింజ ఎర్రగానో నీలంగానో రంగు వేసి ఉంటే దానికి తెగులు మందు పట్టించారని అర్థం. అది తినకూడదు. ఆ చేత్తో షెడ్డులోకి వెళ్లకండి. సబ్బుతో కడుక్కోండి, చొక్కా మార్చుకోండి.

*మడి కట్టడం, విత్తడం*

మా మడి పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. అంటే అర సెంటు కన్నా కొంచెం తక్కువ. దానికి 200 గ్రాముల గింజ సరిపోతుంది. గింజలు లెక్కపెడితే వెయ్యికి అటూ ఇటూ ఉంటాయి.

మన వరి నేల నీరు పట్టుకుంటుంది. అందుకని జానెడు ఎత్తున గట్టులా చేసి దాని మీద వేస్తాం. వరుసకీ వరుసకీ అడుగు, గింజకీ గింజకీ రెండున్నర అంగుళాలు, లోతు అంగుళం నుంచి అంగుళంన్నర. విత్తే ముందు రోజే మడి తడపాలి. విత్తాక వెంటనే నీళ్లు పోయకండి. ఆ పదునుతోనే వారం పది రోజుల్లో మొలుస్తుంది.

పిచ్చుక, ఉడుత మొలక కొరికేస్తే కంగారు పడొద్దు. బఠాణీ గింజ పైకి రాదు, మట్టిలోనే ఉండిపోతుంది. పైమొలక తెగినా కింద కణుపు నుంచి చాలాసార్లు ఇంకోటి వస్తుంది. వారం చూసి, రాకపోతే అప్పుడు కొత్త గింజ పెట్టండి.

ఎరువు సంగతి. మన దగ్గర పురుగుల లద్దె, మిగిలిన ఆకు, పుల్లలు ఉంటాయి కదా. మూడు నాలుగు నెలలు బాగా మాగిన ఎరువైతే మడికి నాలుగు గంపలు చాలు. ఎక్కువ వేస్తే మొక్క పచ్చగా ఏపుగా పెరిగి కాయ ఇవ్వదు. యూరియా అసలు వద్దు. రోగం వచ్చిన పంట లద్దెని మాత్రం ఎరువు కింద కూడా వాడకండి.

బఠాణీ తన నత్రజని తానే తయారు చేసుకుంటుంది. వేరు మీద బుడిపెల్లో ఉండే రైజోబియం సూక్ష్మజీవి ఆ పని చేస్తుంది. ముందు ఎప్పుడూ బఠాణీ గానీ మసూర్ గానీ వేయని నేలైతే రైజోబియం పొడి తెచ్చి, బెల్లం నీళ్లతో గింజకి పట్టించి నీడలో ఆరబెట్టి వేయండి. రంగు వేసిన మందు గింజకి పట్టిస్తే ఆ సూక్ష్మజీవి చచ్చిపోతుంది, డబ్బు దండగ. నెల రోజులకి ఒక మొక్క పీకి బుడిపె గోటితో కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే పని చేస్తున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా లేనట్టు.

పొట్టి రకమైనా కాయ బరువుకి వాలిపోతుంది. మట్టికి తగిలిన కాయ మచ్చపడుతుంది. మేం పురుగులు ఆకు తినేశాక మిగిలిన మల్బరీ పుల్లల్ని వరుసల మధ్య గుచ్చుతాం. బఠాణీ నులితీగలు వాటిని పట్టుకుని నిలబడతాయి. పుల్ల బాగా ఎండాలి సుమా. మొదటి ఏడు పచ్చి పుల్లలు గుచ్చితే బఠాణీతో పాటు మల్బరీ కూడా చిగురేసింది! రోగం వచ్చిన పంట పుల్లలు ఇక్కడ కూడా వద్దు.

నీళ్లు మూడే సార్లు: మొలిచిన మూడు వారాలకి ఒకసారి, పూత మొదలయ్యాక ఒకసారి, కాయ నిండేటప్పుడు ఒకసారి. కాలవలో పారించాలి, నిలవ ఉండకూడదు.

*మేం చేసిన తప్పు*

ఇక అసలు సంగతి. కొన్నేళ్ల కిందట మేం బఠాణీ ఆలస్యంగా, డిసెంబరు సగంలో వేశాం. ఫిబ్రవరిలో కాయ నిండే టైముకి ఎండ వచ్చింది, శనగపచ్చ పురుగు వచ్చింది. కాయకి బెజ్జం, లోపల గింజ లేదు. అప్పుడే షెడ్డులో 50 డీఎఫ్‌ఎల్‌ల పంట నాలుగో జ్వరం లేచింది.

రసాయన మందు కొట్టకూడదని మాకు తెలుసు. పొగాకు చేను పక్కన మల్బరీ ఉంటేనే పురుగు చస్తుందని పెద్దవాళ్లు చెప్పగా విన్నాం. అందుకని జీవ మందు తెచ్చాం. పాకెట్ మీద మనుషులకి, పశువులకి హాని లేదని ఉంది. సరే అని సాయంత్రం కొట్టాం. గాలి మల్బరీ వైపు ఉంది. మేం పట్టించుకోలేదు.

మర్నాడు ఆ పక్క నాలుగు వరుసల ఆకు కోసి రెండు అరల పురుగులకి వేశాం. సాయంత్రానికి మా అమ్మ వచ్చి, "ఏట్రా, ఈ రెండు అరల్లో మేత చప్పుడు లేదు?" అంది. ఐదో దశ పురుగు మేస్తుంటే వాన చినుకుల చప్పుడు ఉంటుంది, మీకు తెలుసు. అక్కడ నిశ్శబ్దం. తెల్లారేసరికి పురుగులు మెత్తబడి వాలిపోయాయి. తర్వాత నల్లబడ్డాయి. తోటకి అవతల పక్క ఆకు తిన్న అరలు మాత్రం బాగానే ఉన్నాయి. మొత్తం మేతలో నూటికి 80 వంతులకి పైగా ఈ దశలోనే తింటాయి. అంటే అప్పటిదాకా పెట్టిన ఆకు, కూలి అంతా పెట్టేశాక పోయాయి.

పట్టు శాఖలో తెలిసిన ఒకాయన పాకెట్ చూసి ఒకే మాట అన్నారు: "ఇది బీటీ అండీ. ఇది మొదట దొరికిందే పట్టుపురుగులో."

అది నిజం. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త, ఉన్నట్టుండి కూలిపోతున్న పట్టుపురుగుల్లో ఈ సూక్ష్మజీవిని కనిపెట్టాడు. పదేళ్ల తర్వాత జర్మనీలో థురింజియా అనే చోట పిండిపురుగులో మళ్లీ దొరికింది. ఆ ప్రాంతం పేరు మీదే బాసిల్లస్ థురింజియెన్సిస్, పొట్టిగా బీటీ అయింది. శనగపచ్చ పురుగూ పట్టుపురుగూ రెండూ సీతాకోకచిలుక జాతి గొంగళ్లే. దాన్ని చంపేది దీన్నీ చంపుతుంది. మందుకి మన పురుగని తెలీదు.

బ్యువేరియా బాసియానా అని ఇంకో జీవ మందు అమ్ముతారు. అది ఏంటో తెలుసా? మన సున్నపుకట్టు రోగం తెచ్చే బూజే! ఇటలీలో అగోస్టినో బాసీ అనే ఆయన 1835లో ఈ రోగం బూజు వల్ల వస్తుందని రుజువు చేశాడు. ఆ పేరే బూజుకి పెట్టారు. మెటారైజియం కూడా అలాంటి బూజే. షెడ్డు అంతా సున్నం, బ్లీచింగ్ కొట్టి తరిమేది దేన్నో, దాన్నే డబ్బిచ్చి కొని తోట పక్కన చల్లుతున్నాం అన్నమాట.

వేపనూనె కూడా అంతే. వేప తగిలిన ఆకు పురుగు సరిగ్గా తినదు, జ్వరం సరిగ్గా లేవదు. ఇక క్లోరాంట్రానిలిప్రోల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి రసాయనాల సంగతి చెప్పేదే లేదు. కంటికి కనపడనంత తగిలినా చాలు.

జీవ మందు అంటే మనిషికి మంచిది కావచ్చు. పట్టు రైతుకి మంచిదని దాని అర్థం కాదు. మేం ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత రాశాం.

*మందు లేకుండా ఎలా*

ఇప్పుడు మా పద్ధతి ఇది. బఠాణీ మీద ఏ మందూ కొట్టం. దానికి బదులు టైము చూసుకుంటాం. నవంబరులో వేసి జనవరికి ముగిస్తే శనగపచ్చ పురుగు ముదిరే లోపు కాయ ఇంటికి వచ్చేస్తుంది.

పేనుబంక కనిపిస్తే పొద్దున్నే ఉత్త నీళ్లు గట్టిగా కొడతాం. కొసలు మరీ నల్లగా పట్టేస్తే తుంచి పూడ్చేస్తాం. ఆకు మీద పాము గీతల్లా తెల్ల చారలు వస్తే ఆ కింది ఆకులు తీసేస్తాం. బెజ్జం ఉన్న కాయని విప్పి పురుగుని చేత్తో తీస్తాం. అర సెంటు మడికి రోజూ పది నిమిషాల పని. పిల్లలు బాగా చేస్తారు.

జనవరి చివర్లో ఆకు మీద బూడిద తెగులు వస్తుంది. మల్బరీకి అంటుకుంటుందా అని చాలామంది అడుగుతారు. అంటుకోదు. బఠాణీ బూజు వేరు, మల్బరీ ఆకు అడుగున వచ్చే తెల్లబూజు వేరు. బూడిద తెగులు వచ్చేసరికి మా మూడో కోత అయిపోతుంది. మొక్కని మొదట్లో కోసి తీసేస్తాం. వేరు పీకం. ఆ బుడిపెల బలం నేలకే ఉంటుంది. తర్వాత అక్కడ తోటకూర, బెండ బాగా వస్తాయి.

కొత్తగా మడి వేసేవాళ్లు ఇంకోటి చూసుకోండి. చలికాలం మీ ఊళ్లో గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో చూసి, మల్బరీ దాటాక గాలి వెళ్లే పక్క మడి కట్టుకోండి. పక్క చేను వాళ్లకి కూడా మన పురుగు సంగతి చెప్పి ఉంచండి. మందు కొట్టే ముందు రోజు ఒక మాట చెప్తే ఆ పక్క వరుసలు ముందే కోసుకోవచ్చు. తర్వాత కొన్నాళ్లు ఆ పక్క ఆకు ముట్టకుండా ఉండొచ్చు.

*కోత*

పూత విచ్చిన మూడు వారాలకి కాయ కోతకి వస్తుంది. కింది కాయ ముందు, పై కాయ తర్వాత. కాయ ముదురాకుపచ్చగా నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే లోపల గింజ తగిలేలా ఉంటే అదే రోజు. నిగనిగ పోయి పాలిపోయి, తొక్క మీద గీతలు తేలితే గింజ పిండి అయిపోయింది. అది ఎండబెట్టుకోవడానికే.

ఒక చేత్తో తీగ పట్టుకుని ఇంకో చేత్తో కాయ తుంచండి. ఒంటి చేత్తో లాగితే మొక్క వేరుతో సహా వచ్చేస్తుంది. రెండు మూడు రోజులకి ఒకసారి కోయాలి. ముదిరిన కాయ మొక్క మీద ఉంటే కొత్త పూత ఆగిపోతుంది.

కోసిన నిమిషం నుంచి గింజలో చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. వేడికి ఇంకా తొందరగా మారుతుంది. లారీ బఠాణీ చప్పగా ఉండేది ఇందుకే. అందుకని పొద్దున్న మంచు ఆరగానే కోసి, నీడలో పెట్టి, ఆ రోజే వలిచి వండేయాలి. ఎక్కువైతే మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేసి తీసి, చన్నీళ్లలో ముంచి, ఆరబెట్టి ఫ్రిజ్ పైఅరలో దాచుకోవచ్చు.

మా అర సెంటులో మూడు కోతలకి ఏడెనిమిది కిలోల కాయ వస్తుంది. కిలో కాయకి 400 గ్రాముల పైచిలుకు గింజ. ఇది అమ్ముకునే పంట కాదు. సంక్రాంతి నెల ఇంటిల్లిపాదీ కూర కొనకుండా తినే పంట.

*గింజ దాచుకోవచ్చు, గుడ్డు దాచుకోలేం*

పూత టైములోనే మంచి మొక్కలు పది చూసి దారం కడతాం. వాటి కాయ ముట్టం. మొక్క మీదే గోధుమ రంగుకి తిరిగి, ఊపితే గలగల మన్నాక కోసి, ఎండబెట్టి, బూడిద కలిపి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెడతాం. బఠాణీ పువ్వు విచ్చకముందే తనలో తానే సంపర్కం చెందుతుంది. కాబట్టి ఆర్కెల్ గింజ వేస్తే మళ్లీ ఆర్కెల్లే.

మరి మన పసుపు గూళ్లలో మంచివి చూసి ఎందుకు గుడ్లు పెట్టించుకోకూడదు? ఈ ప్రశ్న కొత్త రైతులు ఏటా అడుగుతారు. జవాబు బఠాణీలోనే ఉంది. మెండెల్ అనే ఫాదరీ, ఇప్పటి చెక్ దేశంలోని బ్రనోలో, 1856 నుంచి ఎనిమిదేళ్లు బఠాణీలు పెంచాడు. గుండ్రటి గింజనీ ముడతల గింజనీ కలిపితే మొదటి తరం అన్నీ గుండ్రమే వచ్చాయి. వాటిని వేస్తే రెండో తరంలో 5474 గుండ్రం, 1850 ముడతలు. అంటే మొదటి తరం ఒకేలా, రెండో తరం చెదిరిపోతుంది. 1906లో జపాన్‌కి చెందిన టోయామా కమెటారో, ఇదే లెక్క పట్టుపురుగుకీ వర్తిస్తుందని చూపించాడు. పసుపు గూడు, తెల్ల గూడు కలిపి చూశాడు. ఆ తర్వాతే జపాన్‌లో సంకర గుడ్ల వాడకం పెరిగింది.

మనం పెంచే మైసూర్ జాతి, సీఎస్‌ఆర్2 కలిపిన పంట మొదటి తరం. అందుకే ఒకేసారి జ్వరానికి వెళ్తుంది, ఒకేసారి గూడు కడుతుంది. దాని గుడ్లు పెట్టిస్తే మెండెల్ రెండో తరంలా చెదిరిపోతుంది. పైగా తల్లి చిలుకని పెబ్రిన్‌కి పరీక్ష చేయకపోతే రోగం గుడ్డుతోనే వస్తుంది. కాబట్టి బఠాణీ గింజ మీ డబ్బాలోంచి తీయండి, గుడ్లు మాత్రం కేంద్రం నుంచే తెచ్చుకోండి.

ఈసారి కార్తీక పున్నమికి 200 గ్రాముల గింజ తెచ్చుకోండి. మీ ఊళ్లో ఏ తేదీకి విత్తారు, ఏ తేదీకి మొదటి కాయ కోశారు, గ్రూపులో రాయండి. ఇంట్లో ఏ మూలైనా జీవ మందు పాకెట్ ఉంటే ఇవాళే తీసి పేరు చదవండి. బీటీ గానీ బ్యువేరియా గానీ మెటారైజియం గానీ ఉంటే మల్బరీ దరిదాపుల్లో విప్పకండి.

ఉంటాం.